నారింజ రంగు తలుపు

పోయిన వారం నా ఫోన్‌లో ఎనిమిది మిస్డ్ కాల్స్ దగ్గర ఆగాం. ఎనిమిదీ రంగులమ్మవే. వాటి కింద ఒక మెసేజీ, రెండే మాటలు: "వెంటనే రా."

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, వెనక జరిగింది కొండంత ఏమీ లేదు. ఇళ్ళకి రంగులు, గోడలకి వాల్‌పేపర్లు, కిటికీలకి కర్టెన్లు, బల్లల మీదికి చిత్రమైన బొమ్మలు ఎంచి పెట్టడం నా పని. పన్నెండేళ్ళు ఇంకొకరి చేతి కింద చేశాక, సొంతంగా పట్టిన మొదటి ఇల్లు ఇది. రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. ఇంటాయన స్కూలు బస్సు డ్రైవరు. మా అమ్మాయి, ఎనిమిదేళ్ళ పిడుగు, రోజూ ఎక్కేది ఆయన బస్సే. ఆ పరిచయంతోనే ఈ పని నా దాకా వచ్చింది.

ఇంటావిడకి రంగులమ్మ అని పేరు పెట్టింది మాత్రం నేను కాదు, నా పెయింటర్ మేస్త్రి. ఒక్కో తలుపుకి ఒక్కో రంగు, ఒక్కో వింత పిడి కావాలని ఆవిడ పట్టుబట్టిన రోజున మేస్త్రి బ్రష్షు కింద పెట్టేసి, "అమ్మా, ఇది ఇల్లా, షేడ్ కార్డా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు, తగ్గనూ లేదు. వంటింటికి ఎర్ర తలుపు, దానికి చెక్క గరిటె పిడి. పడగ్గదికి ఆకుపచ్చ తలుపు, దానికి ముడుచుకు పడుకున్న పింగాణీ పిల్లి. బాత్‌రూంకి నారింజ తలుపు, దానికి ఇత్తడి బాతు. పడగ్గది నుంచి బాత్‌రూం దాకా గోడ పొడుగునా, సరిగ్గా చెయ్యి ఆనే ఎత్తులో, ఎరుపూ తెలుపూ గళ్ళ పట్టీ. సామాన్ల గదికి మాత్రం గోడలో కలిసిపోయే లేత గోధుమ రంగు, మామూలు గొళ్ళెం. "ఆ గది ఉన్నట్టే కనపడకూడదు" అంది. డ్రైవర్ గారు ఇదంతా చూసి, "మా ఆవిడ సర్కస్ డేరా కడుతోందమ్మా, టిక్కెట్లు పెడదాం" అని నవ్వేవారు.

ఇక నా ఘనకార్యం. శని ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ ఆయన చెల్లెలింటికి వెళ్ళారు. బుధవారం ఇంటి అలంకరణ పత్రిక నుంచి ఫొటోగ్రాఫరు వస్తానన్నాడు. మా పనిలో ఒక నియమం ఉంది. సోఫాలో కూర్చున్న అతిథి కన్ను మొట్టమొదట బాత్‌రూం తలుపు మీద పడకూడదు. ఈ ఇంట్లో కూర్చుంటే కనపడేది అదొక్కటే. అందుకని మేస్త్రిని పిలిపించి, బాత్‌రూం తలుపుకి లేత గోధుమ రంగు వేయించి, వరండా చివర ఉన్న సామాన్ల గదికి నారింజ రంగు వేయించాను. బాతుని కూడా అక్కడికే మార్చాను. చివర్న ఆ నారింజ ముక్క పడగానే ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టయింది. మేస్త్రి కూడా తలూపాడు. ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే అడగలేదు.

సోమవారం పొద్దున్నుంచి ఫోను సైలెంట్‌లో పెట్టుకుని వేరే ఇంట్లో కొలతలు తీసుకుంటున్నాను. మధ్యాహ్నం రెండున్నరకి ఎనిమిది కాల్స్ చూశాక నాకొచ్చిన మొదటి ఆలోచన చెబితే నవ్విపోతారు. మెచ్చుకోవడానికి పిలుస్తోందనుకున్నాను.

* * *

రంగులమ్మ తలుపు తీసింది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. జుట్టు చెదిరి ఉంది, మోచేతుల దాకా తడి. ఇంట్లోంచి ఫినాయిల్ వాసన గుప్పున కొట్టింది.

"ఎవర్నడిగి మార్చావ్?"

"పిన్నిగారూ, ముందొక్కసారి సోఫాలో కూర్చుని చూడండి. ఇక్కణ్ణుంచి చూస్తే—"

"ఎవర్నడిగి మార్చావని అడుగుతున్నాను."

ఆవిడ గొంతు పెంచలేదు. ఇన్నాళ్ళుగా నాతో కర్టెన్ల అంచుల గురించి, పిడుల మరల గురించి గంటలు గంటలు వాదించిన మనిషి ఇలా మాట్లాడగా వినలేదు. వరండా చివర చూస్తే, ఇత్తడి బాతు ఒక్క మర మీద తలకిందులుగా వేలాడుతోంది. ఊడదీయబోయి చేతకాక వదిలేసినట్టుంది. మా మేస్త్రి మరలు బిగించాడంటే ఇక వాటిని ఊడదీయడం ఎవరి తరమూ కాదు.

నాకూ ఒళ్ళు మండింది. "చూడండి, రంగు నచ్చకపోతే రేపే మార్పిస్తాను. దానికింత రాద్ధాంతం ఎందుకు? పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ఏ రంగు ఎక్కడుండాలో నాకూ కాస్త తెలుసు. మీరడిగిన ప్రతి పిచ్చి పనీ నోరు మూసుకుని చేశాను కదా!"

"పిచ్చి పని," అందావిడ, ఆ మాట ఒక్కటే ఏరుకుని. నా మణికట్టు పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళి, నారింజ తలుపు తోసింది.

సామాన్ల గది నేలంతా తడి. పాత దుప్పట్లు పెట్టే అట్టపెట్టె ఒకటి బాల్కనీలోకి ఈడ్చి ఉంది. గోడ అడుగున తుడిచిన మరక ఇంకా ఆరలేదు.

"పైపు లీకయిందా?"

"పైపు కాదు."

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనిపించలేదేమో, ఆవిడ ముఖం వైపు చూస్తూ ఉండిపోయాను.

"మీ డ్రైవర్ గారు," అందావిడ. "పొద్దున్న బస్టాండు నుంచి ఆయన తిన్నగా డ్యూటీకి వెళ్ళిపోయారు. నేను బజారు పని చూసుకుని పదకొండింటికి ఇల్లు చేరాను. తలుపులు చూశాను. నీకు చేశాను, చేశాను, చేశాను. నువ్వు ఎత్తలేదు. బాతునయినా పీకుదామని కూర్చున్నా, అది రాలేదు. ఇంతలో ఆయన భోజనానికొచ్చారు. నేను వంటింట్లో ఉన్నా. నారింజ తలుపు తీసుకుని లోపలికెళ్ళారు. నేను చూసేసరికి..." చేత్తో మూల చూపించింది. "ఆ మూలకి తిరిగి నిలబడి ఏడుస్తున్నారు. ప్యాంటు తడిసిపోయింది. నా బాత్‌రూం ఏదీ, నా బాత్‌రూం ఎవరు తీసుకుపోయారు అని నన్నే అడిగారు."

వేలాడుతున్న బాతు వైపు చూశాను నేను.

"మతిమరుపు," అన్నాను నేనే చివరికి. ఆ మాట పైకి అన్నాక ఇంకోలా అనుకోవడానికి లేకపోయింది.

"డాక్టరు దానికి పెద్ద పేరే చెప్పాడు. ఏడు నెలలయింది."

* * *

సోఫాలో కూర్చోబెట్టింది నన్ను. తను ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుంది. ఆ పీటకి నీలం చుక్కల గుడ్డ నేనే కుట్టించాను.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తోంది. మొదటి వారం హాల్లో ఆకుల డిజైను వాల్‌పేపరు వేయించాను. నాకెంతో ఇష్టమైన కాగితం అది, సన్న సన్న తీగలు, తీగ తీగకీ పండుటాకులు. నాలుగో రోజున రంగులమ్మ ఫోన్ చేసి మొత్తం పీకెయ్యమంది. నా అభిరుచిని అవమానించిందని ఆ రాత్రి మా అమ్మ దగ్గర గంటసేపు తిట్టుకున్నాను. ఇప్పుడు చెప్పింది. ఆయన తెల్లారగట్ల లేచి గోడ ముందు నిలబడి, గోళ్ళతో ఆ ఆకులు ఏరి చేతిలో పోగు చేస్తున్నారట. రాలిన ఆకులు ఇంట్లోకి కొట్టుకొచ్చాయనుకుని.

వాష్‌బేసిన్ ముందు నేను వేసిన నల్లటి గుండ్రటి చాప కూడా అంతే. డ్రైవర్ గారు దాని చుట్టూ తిరిగి వెళ్ళడం నేనే రెండుసార్లు చూశాను. బూట్ల మట్టి అంటకూడదని జాగ్రత్తపడుతున్నారనుకుని, "ఎంత పద్ధతైన మనిషండీ" అని మెచ్చుకున్నాను కూడా.

"ఆయనకది గొయ్యి," అందావిడ. "నల్లగా గుండ్రంగా కనపడితే గొయ్యే. నన్ను కూడా చెయ్యి పట్టుకుని పక్కకి లాగేవారు, పడతావే అని."

"నాకు చెప్పాల్సింది కదా పిన్నిగారూ! నాకొక్కదానికయినా చెప్పి ఉంటే..."

"చెబితే నువ్వు ఇంకొకరికి చెబుతావు. ఆ ఇంకొకరు స్కూలుకి చెబుతారు." ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. "నన్ను అందరూ పిచ్చిదంటున్నారు. పక్క ఫ్లాటావిడ, మా ఆడపడుచు, నీ మేస్త్రి, నువ్వూ. అనుకోనీ. నన్ను చూసి నవ్వుతున్నంతసేపూ ఆయన వైపు ఎవరూ చూడరు."

నాకు సిగ్గేసింది. ఈవిణ్ణి గురించి నేను వేసిన జోకులు ఒకటా రెండా! ఎర్ర కుళాయి అడిగితే నవ్వాను. టాయిలెట్ సీటుకి ముదురు నీలం కావాలంటే నవ్వాను. తెల్ల నేల మీద తెల్ల సీటు ఆయన కంటికి ఆనదని ఆవిడ కనిపెట్టి, డాక్టరు చెప్పనిది తనే ఊహించి, నా చేత ఇల్లంతా ఆయన కోసం గుర్తులు పెట్టించుకుంది. చెయ్యి గళ్ళ పట్టీ మీద ఆనించుకుని నడిస్తే నారింజ తలుపు వస్తుంది. నారింజ తలుపుకి బాతు ఉంటుంది. అంత కష్టపడి నేర్పిన దారిని నేను ఒక్క ఫొటో కోసం రెండు రోజుల్లో చెరిపేశాను.

అప్పుడు, అంత సిగ్గులోనూ, నా బుర్రలో ఇంకొకటి కదిలింది.

"పిన్నిగారూ. ఆయన ఇవాళ డ్యూటీకి వెళ్ళారా?"

ఆవిడ తల వంచుకుంది.

"బాత్‌రూం దారి తెలీని మనిషిని బస్సెక్కించి పంపారా? అందులో మా పిల్ల ఉంటుంది! మా పిడుగు ఉంటుంది అందులో!"

"బండెక్కితే మామూలు మనిషే. నా మాట విను. పదకొండేళ్ళుగా అదే దారి. ఆయనకి కాదు, ఆయన చేతులకి తెలుసు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో బండి మీద ఒక్క గీత పడలేదు."

"గీత పడకపోతే చాలా?"

"ఏడు వారాలే అమ్మాయ్! ఏడు వారాల్లో స్కూలుకి సెలవులు. ఆయనకి రిటైర్మెంటు. స్టేజీ మీద కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ఇప్పుడు తెలిస్తే మతిలేని వాడు పిల్లల ప్రాణాలతో ఆడుకున్నాడంటారు. ఆయనకి అన్నీ పోతున్నాయి. ఆ బస్సొక్కటే ఉంది. అది కూడా నీ చేత్తో లాక్కోకు."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. నేను విడిపించుకోలేదు. విడిపించుకోవాల్సింది, తెలుసు. కానీ ఆ ఫినాయిల్ వాసన నా ముక్కులోనే ఉంది. ఆ గదిలో ఆయన్ని ఏడిపించింది నేనే కదా అన్న ఆలోచన నన్ను కదలనివ్వలేదు.

"ఆయా ఉంటుందిగా బస్సులో," అన్నాను, నాకు నేనే సర్దిచెప్పుకుంటూ.

రంగులమ్మ నీళ్ళు నమిలింది. "వారం నుంచి సెలవులో ఉంది. కూతురికి పురుడు. బదులు ఎవర్నీ వెయ్యలేదు."

నేను దిగ్గున లేచాను. లేస్తుంటే, పక్క బల్ల మీద కుట్టు డబ్బా తగిలి మూత పడిపోయింది. డబ్బాలో దారపుండల మీద, సగం కుట్టి వదిలేసిన బొమ్మల దండ ఒకటి ఉంది. గుడ్డతో చేసిన జంతువులు, అరచేతిలో సగం ఉంటాయి ఒక్కొక్కటీ. ఎర్ర చుక్కల ఏనుగు. చారల కుందేలు. గళ్ళ గుడ్లగూబ. పువ్వుల గుడ్డతో కుట్టిన తాబేలు.

ఆ దండని నేనెరుగుదును. డ్రైవర్ గారి బస్సులో ముందు అద్దానికి పైన కట్టి ఉంటుంది. పదకొండు స్టాపులు, పదకొండు జంతువులు. ఒక్కో స్టాపు దాటగానే ఆయన ఒక్కో జంతువుని ఎడమ నుంచి కుడికి జరుపుతారు. పిల్లలందరూ "ఏనుగొచ్చింది, ఏనుగొచ్చింది" అని అరుస్తారు. మా పిడుగుది తాబేలు స్టాపు. ఇంటికొస్తే ఇదే గోల. ఎంత ముచ్చటైన ఆలోచన, పిల్లల కోసం ఎంత శ్రద్ధ తీసుకుంటున్నాడో అని నేనే స్కూలు మీటింగులో అందరి ముందూ ఆయన్ని పొగిడాను.

పిల్లల కోసం కాదు.

"చేతులకి తెలుసన్నారు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "దారి చేతులకి తెలిస్తే ఇవెందుకు?"

ఆవిడ దండ వైపు చూసింది. ఆ క్షణంలో ఆవిడ ముఖంలోంచి రక్తం దిగిపోవడం నేను చూశాను. దండ ఎందుకు కుట్టిందో ఆవిడకి తెలుసు. అది ఇప్పుడు ఇక్కడుందన్న సంగతే ఆవిడకి అప్పటిదాకా తట్టలేదు.

"పొద్దున్న దారం తెగిందని జేబులో వేసుకొచ్చారు," అంది. "భోజనమయ్యేలోగా కుట్టిద్దామని తీశాను. సగంలో ఉండగా... ఆ గదిలో అదీ... ఆయన్ని కడిగి, బట్టలు మార్చి, ఊరుకోబెట్టి... టైమైపోయింది. ఆయన వెళ్ళిపోయారు. నేను నేల తుడుస్తూ ఉండిపోయాను."

"పొద్దున్న బానే నడిపారుగా?"

"పొద్దున్న పిల్లలే రోడ్డు మీద నిలబడి ఉంటారు. వాళ్ళు కనపడితే ఆపుతారు. సాయంత్రమే... ఎక్కడ ఆపాలో..."

గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తోంది. అంకెల చోట పళ్ళ బొమ్మలున్న ఆ గడియారాన్ని ఏరి తెచ్చింది నేనే. బస్సు మూడు పదికి బయలుదేరుతుంది.

* * *

స్కూలు ఆఫీసుకి ఫోన్ చేశాను. రెండో రింగుకే గుమస్తా ఎత్తాడు.

"ఆరో నంబరు బస్సు బయల్దేరిందాండీ?"

"కరెక్ట్ టైముకే వెళ్ళిపోయింది మేడమ్. ఏం, ఏమైనా ప్రాబ్లమా?"

రంగులమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. వద్దని అనలేదు. చేతులు జోడించలేదు. నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టుకుని, నా పెదాల వైపు చూస్తోంది, అంతే.

చెప్పాల్సిన మాటలు నా నాలుక మీదే ఉన్నాయి. ఆ డ్రైవరుకి దారి గుర్తుండదు, వెంటనే ఇంకొకర్ని వెనక పంపండి. ఇంతే. పట్టుమని పది మాటలు లేవు. ఆ పది మాటలు అని ఉంటే నేను ఇవాళ ఈ కథ ఇంకోలా చెప్పేదాన్ని.

"ఏం లేదండీ," అన్నాను. "ఊరికే అడిగాను."

ఎందుకలా అన్నానో తర్వాత చాలామంది అడిగారు. జాలి అన్నాను కొందరితో. నిజమే, జాలి ఉంది. కానీ దాని వెనకాల ఇంకోటి కూడా ఉంది. చెబితే తలుపుల సంగతి బయటికొస్తుంది. నేనేం చేశానో బయటికొస్తుంది. ముందు నేనే వెళ్ళి బస్సుని పట్టుకుంటే, పిల్లని దింపుకుంటే, దండ ఆయన చేతిలో పెట్టేస్తే, ఎవరికీ ఏమీ తెలియకుండా సర్దుకుపోతుందని లెక్కేసుకున్నాను.

దండని సంచిలో పడేసుకున్నాను. "నేను స్కూటీ మీద వెళ్తాను. గుడ్లగూబ స్టాపు దగ్గర కలుసుకోవచ్చు. మీరు ఆయనకి ఫోన్ చేస్తూ ఉండండి."

"బండి నడుపుతుంటే ఆయన ఎత్తరు," అంది రంగులమ్మ. ఆ సమయంలోనూ ఆ మాటలో కాస్త గర్వం ధ్వనించింది. 

మెట్లు దిగుతుండగా నా ఫోన్ మోగింది. అమ్మ. పిడుగుని దింపుకోవడానికి రోజూ స్టాపు దగ్గర నిలబడేది ఆవిడే.

"ఏమే, బస్సు వచ్చి వెళ్ళిపోయిందటే?"

"వెళ్ళిపోవడమేంటమ్మా?"

"ఇక్కడ కొట్టాయన చెబుతున్నాడు. ఆపకుండా అలా ముందుకెళ్ళిపోయిందట. నేను అయిదు నిమిషాలు ముందే వచ్చాను కదా, నాకు కనపళ్ళేదు. టైము కంటే ముందొచ్చిందేమో. పిల్ల లోపలుండి గోల పెట్టదూ?"

"అమ్మా, నువ్వక్కడే ఉండు. కదలకు. నేను చూస్తాను."

"నీ గొంతేంటే అలా ఉంది?"

పెట్టేశాను. స్కూటీ తాళం రంధ్రంలో పడటం లేదు. మా పిడుగు నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. తన స్టాపు దాటిపోతే బస్సు కప్పు లేచిపోయేలా అరుస్తుంది. అరిచే ఉంటుంది. అరిస్తే ఆయన కంగారు పడతారు. కంగారు పడితే ఏం చేస్తారో మధ్యాహ్నం ఆ గదిలో రంగులమ్మ చూసింది.

తాళం పడింది. స్టాండు తీసేలోగా వీధి మలుపులో పసుపుపచ్చగా కనపడింది.

బస్సు. ఆరో నంబరు.

నిదానంగా, ఎక్కడా తొందర లేకుండా వచ్చి, ఫ్లాట్ల గేటు ముందు గోడ వారగా చక్కగా ఆగింది. గీత పడకుండా ఎలా ఆపాలో ఆయనకి నిజంగానే తెలుసు. నాకు ప్రాణం లేచొచ్చింది. బస్సొచ్చేసింది, పిల్లలున్నారు, కిటికీల్లో తలకాయలు కనపడుతున్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డ్రైవర్ గారు దిగారు. తలుపు జాగ్రత్తగా వేశారు. నా పక్క నుంచే వెళుతూ, ఎవరో దారిన పోయేవాళ్ళకి దారిచ్చినట్టు మర్యాదగా ఒక పక్కకి జరిగి, మెట్లెక్కి పోయారు. రెండు నెలలుగా రోజూ "ఏమ్మా, ఇవాళ ఏ రంగు" అని పలకరించిన మనిషి.

బస్సు ఇంజను ఆపలేదు. లోపలున్న పిల్లలు ఇంకా ఎవరూ దిగలేదు.

పై నుంచి రంగులమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ! అప్పుడే వచ్చేశారేంటి? పిల్లలో?"

"అందర్నీ దింపేశా," అన్నారాయన. ఆ గొంతు పని పూర్తి చేసుకొచ్చిన మనిషిదే. "కాస్త టీ పెట్టు."

నేను బస్సు తలుపు లాగి లోపలికెక్కాను. చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజను ఆపాను. ఒక్కసారిగా వచ్చిన నిశ్శబ్దంలో పిల్లలందరూ నా వైపు చూశారు. ముందు సీట్లో సోడాబుడ్డి కళ్ళద్దాల పిల్లాడు ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. వెనక ఇద్దరు పెద్దపిల్లలు బ్యాగులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉన్నారు.

ఎడమ వైపు మూడో కిటికీ. మా పిడుగు సీటు. రోజూ అదే, ఇంకెవరినీ కూర్చోనివ్వదు.

ఖాళీగా ఉంది.

"పిడుగేదిరా?" అన్నాను. 

కళ్ళద్దాల పిల్లాడు ఆ ఖాళీ సీటు వైపు చూశాడు.

"మా అమ్మాయి ఏదీ? ఎక్కలేదా స్కూల్లో?"

"ఎక్కిందాంటీ," అంది వెనక నుంచి రెండు జడల పిల్ల. "దిగిపోయింది."

"ఎక్కడ దిగింది? ఎప్పుడు?"

"అంకుల్ బస్సు ఆపి, తాబేలొచ్చింది దిగమ్మా అన్నారు. అది తాబేలు కాదంకుల్, ఇక్కడ మా ఇల్లు లేదు అని చెప్పింది. రెండుసార్లు చెప్పింది. అంకుల్‌కి కోపమొచ్చింది. ఎప్పుడూ కోపం రాదు కదాంటీ ఆయనకి. గట్టిగా అరిచారు. అందుకని దిగిపోయింది."

"అది ఎక్కడ? ఏ రోడ్డు? ఏముంది అక్కడ?"

పిల్లలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "మేమెప్పుడూ చూళ్ళేదాంటీ ఆ రోడ్డు," అంది ఆ పిల్ల. "ఇళ్ళు కూడా లేవు. పెద్ద పెద్ద లారీలున్నాయి." ఆ మాటతో సోడాబుడ్డి పిల్లాడు భోరుమన్నాడు.

నేను బస్సు దిగి పరుగెత్తాను. మెట్లు ఎన్నెక్కానో తెలీదు. తలుపు తీసే ఉంది. రంగులమ్మ కిటికీ దగ్గర కొయ్యబారి నిలబడి ఉంది. కింద బస్సులో పిల్లల్ని చూసేసింది. డ్రైవర్ గారు సోఫాలో కూర్చుని, ఒక బూటు విప్పి, రెండో బూటు దారం ముడి విప్పుతున్నారు.

ఆయన ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. ఆ చేతులకి అన్నీ తెలుసని కదా ఆవిడ చెప్పింది.

"బాబాయిగారూ, నా వైపు చూడండి. మా పాపని ఎక్కడ దింపారు? ఏ రోడ్డు మీద? లారీలున్నాయట. గుర్తు తెచ్చుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఎక్కడ దింపారు?"

ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసిన పెద్ద మనిషి ఆయనొక్కరే. ఆయన నా ముఖంలోకి చూశారు. ఏడుస్తున్న మనిషిని చూసి ఆయన కళ్ళలో నిజమైన బాధ కదిలింది. నా భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, ఓదార్పుగా, ఎంతో మంచిగా అడిగారు:

"ఎవరినమ్మా?"